రికార్డింగ్ బాక్సు కోసం మా ఇంట్లో రెండు నెలల తిప్పలు

ఆగస్టు 3, ఆదివారం. భోజనాలయ్యాక అమ్మ రిమోట్ పట్టుకుని కుర్చీలో సర్దుకుంది. శనివారం రాత్రి సీరియళ్లు ఆదివారం మధ్యాహ్నం చూడటం ఆవిడకి పదకొండేళ్ల అలవాటు. టీవీ వెలిగింది, సీరియళ్లు రికార్డు చేసే మా డిష్ బాక్సు వెలగలేదు. వెనక వైరు ఊపాను, ప్లగ్గు మార్చాను, బోర్డు మార్చాను. ముందున్న ఎర్రలైటు ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది.

"ఏటయ్యిందిరా?" అంది అమ్మ.

"పోయినట్టుందమ్మా."

"పోతే కొత్తది తెద్దువు గానిలే. అందులో మీ నాన్న ఉన్నారు కదా, ముందు అది తీసి ఉంచు."

మా నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పోయాక విశాఖలో నిలబడ్డ స్తంభం కంటే పడిపోయిన స్తంభమే ఎక్కువ కనిపించేది. ఆ రోజుల్లో నాన్న ఇంటికొచ్చింది స్నానానికీ, బట్టలు మార్చుకోడానికీ మాత్రమే. సరిగ్గా ఏడాది తర్వాత, 2015లో అదే తేదీన, ఒక న్యూస్ చానల్ వాళ్లు లైన్‌మన్లని కూర్చోబెట్టి అరగంట ప్రోగ్రాం చేశారు. అందులో నాన్న రెండు నిమిషాలు మాట్లాడారు. మేం దాన్ని బాక్సులో రికార్డు చేసి, చెరిగిపోకుండా లాక్ పెట్టాం. 2021లో నాన్న పోయారు. అమ్మ దాన్ని రోజూ పెట్టుకుని ఏడ్చే మనిషి కాదు. ఏడాదికోసారి అక్టోబరులో చూసేది, అంతే. మిగతా రోజులు అది అక్కడుందని తెలిస్తే ఆవిడకి చాలు.

ఆ సాయంత్రం కంపెనీ నంబరుకి ఫోన్ చేశాను. బుధవారం, అంటే 6న మనిషి వచ్చాడు. అడాప్టరు మార్చి చూశాడు, బాక్సు కదల్లేదు. "బోర్డు పోయింది సార్, మార్చేస్తాను" అని సంచిలోంచి ఇంకో బాక్సు తీసి పెట్టి, కంపెనీకి ఫోన్ చేసి నంబర్లు చదివి పావుగంటలో బొమ్మ తెప్పించేశాడు. నేను సంతోషించాను. సంతకం పెట్టి 250 ఇచ్చాను. అతను వెళ్లాక గమనిస్తే, కొత్త బాక్సు రిమోట్ మీద ఎర్ర చుక్క బటనే లేదు. రికార్డింగ్ లేని మామూలు బాక్సు. మళ్లీ ఫోన్ చేస్తే, "మీ పాత మోడల్ ఇప్పుడు మా దగ్గర లేదండి" అన్నారు. ఆ సంతకం పెట్టినందుకు నేను ఇప్పటికీ నన్ను తిట్టుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

పాత బాక్సు నా దగ్గరే ఉంచుకున్నాను. శనివారం బి షిఫ్టు ఉన్నా పొద్దున్నే దాన్ని సంచిలో పెట్టుకుని పెదవాల్తేరు నుంచి డాబాగార్డెన్స్ వెళ్లాను. ఒక సందులో చిన్న మెకానిక్ షాపు. ఆయన మూత విప్పి చూడగానే నవ్వాడు. సప్లై దగ్గర రెండు కెపాసిటర్లు వాచిపోయి ఉన్నాయి, పైన కప్పు పూరీలా పొంగింది. "ఇది రోగం కాదు గురూ, వయసు" అన్నాడు. గంటన్నర, 450 రూపాయలు. బాక్సు బతికింది. వచ్చేటప్పుడు ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.

ఇంటికొచ్చి టీవీకి పెట్టాను. హార్డ్ డిస్క్ తిరుగుతున్న చప్పుడు వినబడింది. రికార్డింగుల జాబితా వచ్చింది. సీరియళ్లు, సీరియళ్లు, మా వాడి కార్టూన్లు, అన్నిటికంటే అడుగున తాళం బొమ్మతో ఆ ప్రోగ్రాం పేరు, తేదీ, 30 నిమిషాలు. అమ్మ కళ్లజోడు తుడుచుకుని ముందుకి జరిగింది. ఓకే నొక్కాను. నల్లటి తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఈ కనెక్షన్ పనిచేయడం లేదు, ఈ రికార్డింగ్ చూపించలేం అని దాని సారాంశం.

పేరు కనబడుతోంది. తేదీ కనబడుతోంది. మనిషి కనబడడు.

కస్టమర్ కేర్‌తో ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడాను, తర్వాత వారంలో ఇంకో మూడుసార్లు. వాళ్లు చెప్పింది ఒక్కటే. బాక్సు మార్చినప్పుడు పాత బాక్సు నంబరు కనెక్షన్‌లోంచి తీసేస్తారు, తీసేశాక మళ్లీ ఎక్కించడానికి సిస్టమ్ ఒప్పుకోదు. మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, అది ఇంకా బాధ. పోనీ డిస్కే విప్పి కంప్యూటర్‌కి పెట్టి చూద్దామని ద్వారకానగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్లాను. అతను లాప్‌టాప్‌కి తగిలించగానే ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. వద్దు బాబూ అని అరిచినంత పని చేశాను. ఇంకేదో సాఫ్ట్‌వేర్‌తో తెరిచాడు. ఫైళ్లు ఉన్నాయి, పెద్దపెద్దవే, కానీ ఏదీ ఆడదు. "ఇవి తాళం వేసి రాసినవి అన్నా. తాళంచెవి బాక్సులో ఉంటుంది, ఆ చెవి పనిచేయాలంటే కంపెనీ ఒప్పుకోవాలి" అన్నాడు. చూసినందుకు 300 తీసుకున్నాడు. న్యాయమే.

మన డిష్ బాక్సుల్లో రికార్డు చేసింది మనది కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ బాక్సు ఉన్నంతకాలం, దాని కనెక్షన్ నడిచినంతకాలం మనం చూసుకోవచ్చు, అంతే. పదేళ్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఫోను ఎత్తి టీవీ తెరనే రెండు నిమిషాలు వీడియో తీసి ఉంటే సరిపోయేది. అంత సులువు పని కాబట్టే ఎవరం చేయలేదు.

అమ్మకి ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులు తప్పించుకు తిరిగాను. నాలుగో రోజు ఆవిడే, "రాలేదు కదా?" అంది. లేదమ్మా అన్నాను. "సర్లే, అన్నం తిను" అంది.

ఇక కొత్త బాక్సు వేట. మా ఇంట్లో రికార్డింగ్ ఎందుకంటే, టీవీ ఒకటి, మనుషులు నలుగురు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా మా వాడిది, మా ఆవిడది. ఆ టైములో అమ్మ వంటింట్లోనో, మా వాడి హోంవర్క్ దగ్గరో ఉంటుంది. ఆవిడ సీరియళ్లు మర్నాడు పదకొండింటికి, పని మనిషి వెళ్లాక, ప్రకటనలు తోసేసుకుంటూ చూస్తుంది. అరగంట సీరియల్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఫోన్లో అన్నీ ఉంటాయి కదా అని అందరూ అన్నారు. ఉంటాయి. ఒక చానల్‌ది ఒక యాప్‌లో, ఇంకో చానల్‌ది ఇంకో యాప్‌లో, ప్రతిదానికీ పాస్‌వర్డ్, ప్రతిదానికీ చందా. అమ్మకి డెబ్బై ఒకటి. ఆవిడకి తెలిసింది ఎర్ర బటను, బాణం బటను.

మొదట డాబాగార్డెన్స్‌లోనే ఒక పెద్ద షాపుకి వెళ్లాను. రికార్డింగ్ ఉందా అంటే ఉంది సార్ అని ఆండ్రాయిడ్ బాక్సు చూపించాడు. మాట వినే రిమోటు, మెరిసే మెనూ. రికార్డు ఎలా చేయాలో చూపించమంటే, "చేయక్కర్లేదు సార్, వారం రోజుల ప్రోగ్రాములు అదే ఉంచుతుంది" అన్నాడు. అది రికార్డింగ్ కాదు, నెట్‌లోంచి తెచ్చి చూపించడం. నెట్ ఆగితే అదీ ఆగుతుంది. అన్ని చానళ్లకీ లేదు. అమ్మ చూసే నాలుగింటిలో రెండే వచ్చాయి, వాటిలో ప్రకటనలు తోసేయనివ్వదు. ఆవిడ రికార్డింగ్ చూసేదే ప్రకటనలు తోసేయడానికి!

రెండో షాపు ద్వారకానగర్‌లో. అక్కడ వేరే కంపెనీ బాక్సు, వెనక యూఎస్‌బీ ఉంది, మన హార్డ్ డిస్క్ పెట్టుకుంటే రికార్డు చేస్తుంది. ధర తక్కువ. దాదాపు కొనేశాను. డబ్బులు తీస్తూ, "ఒకటి రికార్డవుతుంటే ఇంకోటి చూడొచ్చు కదా?" అన్నాను. "ఆ, చూడొచ్చు" అన్నాడు కుర్రాడు. ఎందుకో అనుమానం వచ్చి చేసి చూపించమన్నాను. పెన్‌డ్రైవ్ పెట్టి, రెండు నిమిషాల తర్వాతకి టైమర్ పెట్టి, వేరే చానల్ వేశాడు. ఇద్దరం గడియారం చూస్తూ నిలబడ్డాం. టైం కాగానే టీవీ తనంతట తనే మేం చూస్తున్న చానల్ వదిలేసి రికార్డింగ్ చానల్‌కి దూకింది. మారుద్దామంటే, మారిస్తే రికార్డింగ్ ఆగిపోతుంది, సరేనా అని అడిగింది. కుర్రాడు తల గోక్కున్నాడు. వాడి తప్పు లేదు, వాడికెవరూ చెప్పి ఉండరు. దాంట్లో ట్యూనర్, అంటే చానల్‌ని పట్టే భాగం, ఒకటే. ఒకటి రాసుకుంటూ ఇంకోటి చూపించాలంటే లోపల రెండు ట్యూనర్లుండాలి. మా వాడు ఛేజింగ్ చూస్తుండగా ఏడున్నరకి టీవీ సీరియల్‌కి దూకితే మా ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకుని డబ్బులు జేబులో పెట్టుకున్నాను.

మీరూ కొనేటట్టయితే "రెండు ట్యూనర్లున్నాయా" అని అడక్కండి, తల ఊపేస్తారు. టైమర్ పెట్టించి ఎదురుగా నిలబడి చూడండి.

పూర్ణా మార్కెట్ దగ్గర ఫ్రీ డిష్ అమ్మే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మొత్తం వేటలో నిజం చెప్పిన దుకాణదారు ఆయనే. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టేదేం లేదు, బాక్సు 1,200. దానికి పెన్‌డ్రైవ్ పెట్టి సప్తగిరి చానల్లో వస్తున్న పాట రెండు నిమిషాలు రికార్డు చేసి, అదే పెన్‌డ్రైవ్ పీకి పక్కనున్న కంప్యూటర్‌కి పెట్టాడు. టకామని ఆడింది. తాళం లేదు, చెవి లేదు. ఉచితంగా వచ్చేవాటికి తాళమెందుకు అన్నాడాయన. కానీ అమ్మ సీరియళ్లొచ్చే చానళ్లు అందులో లేవు. నాకు నచ్చింది అదే, మా ఇంటికి పనికిరానిదీ అదే.

మధ్యలో ఇంకో రెండు తెలివితేటలు ప్రదర్శించాను. మా టీవీకే యూఎస్‌బీ ఉంది, మెనూలో రికార్డు అనే మాటా ఉంది. ఒక సాయంత్రం దానితో కుస్తీ పట్టాను. అది టీవీకి నేరుగా యాంటెన్నా తగిలిస్తే వచ్చే చానళ్లకే. బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ వైరులో వచ్చేదాన్ని టీవీ చూపిస్తుందే గాని రాసుకోదు. తర్వాత మా షిఫ్టులో ఒకతను చెప్పాడని హెచ్‌డీఎంఐ క్యాప్చర్ అనే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో 1,499 పెట్టి తెప్పించాను. బాక్సుకీ లాప్‌టాప్‌కీ మధ్య పెడితే బొమ్మ లాప్‌టాప్‌లోకి వస్తుందట. వచ్చింది, నల్లగా. ఆ వైరులోనూ కాపీ చేయనివ్వని తాళం ఒకటుంది, దాన్ని హెచ్‌డీసీపీ అంటారు. నాలుగో రోజు వెనక్కి పంపేశాను, డబ్బులొచ్చాయి. మా ఆవిడ ఆ వారమంతా నన్ను "సైంటిస్టు గారూ" అని పిలిచింది.

2008లో టాటా స్కై ప్లస్ వచ్చిన కొత్తలో మా మేనేజరు ఇంట్లో చూసి నోరెళ్లబెట్టాను. లైవ్ మ్యాచ్‌ని ఆపి టీ తాగొచ్చాడాయన. ఇప్పుడు 2025లో అలాంటి బాక్సు కావాలని అడుగుతుంటే షాపుల్లో నన్ను క్యాసెట్ ప్లేయర్ అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు.

చివరికి పరవాడ వెళ్లే మా కంపెనీ బస్సులో పని అయింది. వెనక సీటతను గాజువాకలో వాళ్ల బావమరిదికి డిష్ డీలర్ షాపు ఉందన్నాడు. ఆగస్టు 22న షిఫ్టు దిగి అక్కడికి వెళ్లాను. గోడౌన్‌లో వెతికి దుమ్ము కొట్టుకుపోయిన డబ్బా తీశాడు. లోపల 500 జీబీ డిస్కు, రెండు ట్యూనర్లు. టైమర్ పరీక్ష పెట్టించాను. ఒకటి రికార్డయింది, ఇంకోటి చూశాం. మూడోది చూద్దామంటే కుదరదంది, అది ఫర్లేదు. బాక్సు, కొత్త కనెక్షన్, ఫిట్టింగ్ అన్నీ కలిపి 3,900. వారంటీ ఆర్నెల్లే, పాత స్టాకు కాబట్టి. మర్నాడు డబ్బులు కట్టాను. "రెండు రోజుల్లో మావాడొస్తాడు" అన్నాడు.

ఆ రెండు రోజులు సెప్టెంబరు 4 దాకా సాగాయి. మధ్యలో 27న వినాయక చవితి. ఫిట్టింగ్ కుర్రాడు పందిరి పనుల్లో ఉన్నాడు, తర్వాత నిమజ్జనంలో ఉన్నాడు, తర్వాత గొంతు పోయి ఫోను ఎత్తలేదు. నేను ఒక రోజు సెలవు అనవసరంగా పెట్టాను. ఇంట్లో ఈ నెలరోజులూ అమ్మ సీరియళ్లు చూడలేదు. కథ ఎంత దూరం పోయిందో పక్క ఫ్లాటు మామ్మగారిని అడిగి తెలుసుకునేది. ఏమీ మిస్సవలేదట.

సెప్టెంబరు 4న కుర్రాడొచ్చాడు. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని డాబా మీదకెళ్లాం. మాకు సముద్రం నడిచిపోయేంత దగ్గర. పాత డిష్ స్టాండు పట్టుకోగానే తుప్పు పెచ్చులు పెచ్చులుగా చేతికొచ్చింది. కేబుల్ చివర పిన్ను విప్పి నా చేతిలో పెట్టాడు. మధ్యలో ఉండాల్సిన రాగి తీగ పచ్చగా, పాత దేవుడి గిన్నెలా అయిపోయింది, గోటితో గీరితే పొడి రాలింది. "ఇన్నాళ్లు వాన పడితే బొమ్మ పోయేది కదా సార్, అది వానవల్ల సగం, దీనివల్ల సగం" అన్నాడు.

ఇక్కడ నేను ఊహించని ఖర్చు. రెండు ట్యూనర్లంటే డిష్ నుంచి రెండు కేబుళ్లు దిగాలి. డిష్ మూతి దగ్గర సిగ్నల్ పట్టుకునే ఎల్‌ఎన్‌బీ కూడా రెండు నోళ్లది ఉండాలి. డాబా నుంచి మా మూడో అంతస్తు హాల్లోకి ఒక్కొక్కటి 22 మీటర్లు. పాత తీగ పనికిరాదు కాబట్టి రెండూ కొత్తవే. గోడకున్న కన్నంలో ఒకటే పడుతుంది, ఇంకో కన్నం వేయాలి. కన్నం వేస్తుంటే కింద ఫ్లాటాయన పైకొచ్చి, అసోసియేషన్‌కి చెప్పారా అని అడిగాడు. చెప్పలేదు. సెక్రటరీకి ఫోన్ చేసి, ఆయన భోజనం చేసి వచ్చేదాకా ఆగి, మొత్తానికి సాయంత్రం ఐదుకి అయింది. కేబుల్, పిన్నులు, ఎల్‌ఎన్‌బీ, కుర్రాడి చేతి ఖర్చు కలిపి 1,750. పిన్నుల దగ్గర రెండు చుట్లు టేపు చుట్టి పైన ఎం-సీల్ పూయించాను. సముద్రం పక్కనుండేవాళ్లు ఈ ముప్ఫై రూపాయలు మరిచిపోకండి.

అమ్మ సీరియళ్లన్నీ ఎక్కించాను. ఎక్కించడం అనుకున్నంత సులువు కాలేదు. ఏడున్నర సీరియల్ ఏడూ ముప్ఫై ఒకటికి మొదలై ఎనిమిదీ రెండుకి అయిపోతుంది. చివర్లో తలుపు కొట్టిన మనిషెవరో చూపించే ముక్క కాస్తా తెగిపోతుంది. అందుకని ముందు ఐదు, వెనక పది నిమిషాలు కలిపాను. అప్పుడు ఒకే చానల్లో వరసగా వచ్చే రెండు సీరియళ్లు ఒకదానిమీదొకటి ఎక్కి రెండు ట్యూనర్లనీ పట్టేసుకుని, మా వాడికి టీవీ లేకుండా చేశాయి. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తట్టింది. ఒక్కో సీరియలూ కాదు, ఆ చానల్‌ని ఏడు నుంచి తొమ్మిదింబావు దాకా ఒకటే ముద్దగా రికార్డు పెట్టేశాను. అమ్మకి కావలసిన చోటికి ఆవిడే తోసుకుంటుంది. హెచ్‌డీ వద్దని మామూలు చానలే పెట్టాను. హెచ్‌డీ గంటకి మూడు, నాలుగు జీబీ తింటుంది.

అంతా అయిందనుకున్నాను. సెప్టెంబరు 11 పొద్దున అమ్మ, "ఏటిరా ఇది, ఉత్త బాక్సు తెచ్చావు?" అంది. జాబితాలో నిన్నటి రికార్డింగ్ పక్కన 0 నిమిషాలు. 9వ తేదీది పన్నెండు నిమిషాలు. ఇంకో రోజుది అసలు లేదు. డీలర్‌కి ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆయన, "కరెంటు పోయిందేమో చూడండి సార్" అన్నాడు. మాకు కరెంటు పోలేదు. ఆ సాయంత్రం నాకు వీక్లీ ఆఫ్, ఇంట్లోనే ఉన్నాను. ఆరున్నరకి కైలాసగిరి వైపు నుంచి ఒక ఉరుము వినబడింది, దూరంగా. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, టీవీ వెనక వంగింది, ప్లగ్గు పీకింది, వెళ్లిపోయింది. నేను చూస్తూ ఉండిపోయాను.

అది నాన్న పెట్టిన రూలు. ఉరుమితే ప్లగ్గు పీకు, స్విచ్చి ఆపితే చాలదు. పిడుగుకి కాలిపోయిన టీవీలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్నో చూసిన మనిషి. నాన్న ఉన్నప్పుడు పీకేది ఆయనే, సీరియల్ టైముకి మళ్లీ పెట్టేదీ ఆయనే. ఇప్పుడు పీకడం మిగిలింది, పెట్టడం మిగల్లేదు. అమ్మా, బాక్సుకి కరెంటుంటేనే రికార్డవుతుంది, టీవీ ఆపినా ఫర్వాలేదు గాని దీన్ని ఆపకూడదు అని చెప్పాను. అమ్మ అంతా విని, "మరి పిడుగు పడితే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ ప్లగ్గు మీద ప్లాస్టర్ అంటించి "పీకవద్దు" అని రాసింది. రెండు రోజుల తర్వాత ఉరిమినప్పుడు ప్లాస్టర్‌తో సహా పీకేసింది.

ఇక నేనే వేరే దారి పట్టాను. వైఫై రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్‌లుంటాయి, అరచేతిలో పట్టేంతవి. గోడ ప్లగ్గు పీకినా అది బాక్సుని నడుపుతుంది. 1,350 పెట్టి ఒకటి తెచ్చాను. బాక్సు ఆన్ అయ్యేది, డిస్కు తిరగడం మొదలెట్టగానే ఆగిపోయేది, మళ్లీ ఆన్ అయ్యేది. అరగంట ఆ ఊపిరాట చూశాక అడాప్టరు మీద రాసింది చదివాను. 12 వోల్టులు, 3 ఆంపియర్లు. నేను తెచ్చింది 2 ఆంపియర్లది. రౌటర్‌కి సరిపోతుంది, డిస్కు తిరగడానికి చాలదు. షాపువాడు మంచివాడు, ఇంకో 650 తీసుకుని 3 ఆంపియర్లది ఇచ్చాడు. దాని మీద బాక్సు దగ్గర దగ్గర రెండు గంటలు నడుస్తోంది. ఇప్పుడు అమ్మ పీకేది పీకుతుంది, రికార్డయ్యేది రికార్డవుతుంది.

మొత్తం లెక్క రాసి పెట్టుకున్నాను. బాక్సు మార్చినవాడికి 250, మెకానిక్‌కి 450, డిస్కు చూసినందుకు 300, కొత్త బాక్సు 3,900, కేబుళ్లు వగైరా 1,750, యూపీఎస్ 2,000. 8,650 అయింది. రెండు సెలవులు అదనం. నెల ప్యాకు పాతదానికంటే డెబ్బై చిల్లర ఎక్కువ.

సెప్టెంబరు 28 ఆదివారం రాత్రి ఆసియా కప్ ఫైనల్, ఇండియా పాకిస్తాన్. అదే టైముకి అమ్మ స్పెషల్ ఎపిసోడ్. మా వాడు మ్యాచ్ చూశాడు, అమ్మ మర్నాడు ఎపిసోడ్ చూసింది, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. రెండో ట్యూనర్‌కి పెట్టిన డబ్బులు ఆ ఒక్కరోజే వచ్చేశాయని మా ఆవిడ ఒప్పుకుంది.

దసరాకి అక్కా బావా బొబ్బిలి నుంచి వచ్చారు. మాటల్లో నాన్న రికార్డింగ్ సంగతి వచ్చింది. బావ కాసేపు ఆలోచించి, "అప్పట్లో నేను ఫోన్లో తీసినట్టు గుర్తురా, మా అమ్మకి చూపిద్దామని" అన్నాడు. ఏ ఫోను? పాతది, అద్దం పగిలింది, బీరువాలో ఉంది. వాళ్లు వెనక్కెళ్లిన మూడో రోజు, అక్టోబరు 7న, వాట్సాప్‌లో వచ్చింది. ముప్ఫై ఎనిమిది సెకన్లు. మా పాత టీవీ, వంకరగా, పైన ట్యూబ్‌లైటు మెరుపు. నాన్న ఖాకీ చొక్కాలో, మెడలో తువ్వాలు, "...మా పిల్లలు ఇంట్లో చీకట్లో ఉన్నారు, మేం పక్క వీధికి లైటు ఇస్తున్నాం..." అంటుంటే మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. తర్వాతి మాట వినబడదు. మళ్లీ "ఊరంతా" అని మొదలెట్టగానే వీడియో అయిపోయింది.

అమ్మ దాన్ని మూడుసార్లు చూసింది. "ఆ కుక్కర్ నాదే. పప్పు పెట్టాను" అంది. నేను దాన్ని నా ఫోన్లో, అక్క ఫోన్లో, లాప్‌టాప్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టాను.

అక్టోబరు 12 ఆదివారం పీఎం పాలెం స్టేడియంలో మహిళల ప్రపంచ కప్, ఇండియా ఆస్ట్రేలియా. మా వాడు వాళ్ల మావయ్యతో వెళ్లాడు. వెళ్తూ, "నాన్నా, మొత్తం రికార్డు పెట్టు, నేను కనబడతాను" అన్నాడు. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండున్నర దాకా పెట్టాను, ఇది మాత్రం హెచ్‌డీలో. ఇండియా 330 కొట్టింది, అయినా ఆస్ట్రేలియా గెలిచేసింది. వాడు అర్ధరాత్రి మొహం వేలాడేసుకుని వచ్చాడు. మర్నాడు స్కూలు నుంచి రాగానే ముగ్గురం కూచుని తోసుకుంటూ వెతికాం. రెండు గంటలు. ఒక సిక్సర్ తర్వాత కెమెరా జనం మీదకి తిరిగితే, మూడో వరసలో నీలం టీషర్టు, చెంపల మీద రంగులు, నోరు తెరిచి గంతులేస్తూ. మూడు సెకన్లుంటుంది. "ఆపు, ఆపు, అదిగో!" అని వాడు అరుస్తుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఫోనెత్తరా బేగి. ఫోన్లో తియ్యి ముందు."

తీశాను. ఈసారి కుక్కర్ కట్టేసి ఉంది.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కాకినాడ వైపు తీరం దాటుతోందని పొద్దుట్నుంచీ టీవీలో అదే. ఇక్కడ మాకు గాలి, వాన. ఆరింటికే అమ్మ ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసింది. తర్వాత టీవీ వెనక వంగి బాక్సు నుంచి రెండు కేబుళ్లూ కూడా తిప్పి తీసేసింది.

"అవెందుకమ్మా? యూపీఎస్ ఉంది కదా."

"డిష్ ఎక్కడుంది?"

"డాబా మీద."

"మరి పిడుగు ముందు ఎక్కడ పడుద్ది?" అని కేబుళ్ల చివరలకి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. అది కూడా నాన్న చెప్పిందేనట, నాకెప్పుడూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నానికి వాన తగ్గాక కేబుళ్లు మళ్లీ నేనే బిగించాను. ఏ తీగ ఏ కన్నానిదో గుర్తు పెట్టుకోకపోతే ఒక ట్యూనర్‌కి బొమ్మ రాదేమో అని భయపడ్డాను గాని, ఎటు పెట్టినా ఒకటేనట, వచ్చింది.